అడవిలో చిక్కుకున్న కుర్రాడు ఎలా మారాలి? మనుగడ నవల రాసేవారికి మెట్టు మెట్టుగా ఒక సమగ్ర మార్గదర్శి

గాడి తప్పిన కుర్రాడొకడు అడవిలో చిక్కుకుంటాడు, ఆకలికీ చలికీ తట్టుకుని బతుకుతాడు, మంచివాడై ఇంటికి చేరుతాడు. మనుగడ నవల రాయాలనుకునే ప్రతి ఒక్కరి దగ్గరా ఈ కథ సిద్ధంగానే ఉంటుంది గాని, బతకడానికీ మంచివాడు కావడానికీ మధ్య ఏం జరిగిందన్నది మాత్రం చాలా రాతప్రతుల్లో కనిపించదు. కష్టపడ్డాడు కాబట్టి మారిపోయాడని రచయిత అనుకుంటాడు, పాఠకుడూ అలాగే అనుకోవాలని ఆశిస్తాడు. అయితే కష్టం మనిషిని మెత్తబరచాలన్న నియమమేదీ లేదు. కష్టాలు పడి మరింత కరుకుదేలినవాళ్లు ప్రతి వీధిలోనూ ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. నా అభిప్రాయంలో అటువంటి కుర్రాణ్ణి మార్చేది అతడు తన చేతులతో చేయవలసి వచ్చిన పని, ఆ పని సరిగా చేయకపోతే ఆ రాత్రే చెల్లించవలసి వచ్చే మూల్యం. ఈ ఒక్క సూత్రాన్ని పట్టుకుని నవలను ఎలా కట్టుకోవచ్చో, విశాఖపట్నం కుర్రాడొకడిని తూర్పు కనుమల్లోకి పంపించి చూద్దాం.

మొదటి మెట్టు: లోపాన్ని ఒకే ఒక అలవాటుగా తేల్చుకోండి

"మొండివాడు", "కోపిష్టి", "సావాసాలు చెడ్డవి" అన్నవి ఇరుగుపొరుగుల తీర్పులు. వాటితో పాత్ర నిలబడదు. ఫలానా సందర్భం వస్తే ఫలానా పని చేస్తాడని చెప్పగలిగినప్పుడే పాత్ర మొదలవుతుంది. గాజువాకలో ఉండే పదహారేళ్ల అప్పలరాజును ఊహించుకోండి. తండ్రి ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు కార్మికుడు, తల్లి ఇంటి దగ్గరే కుట్టుమిషను మీద జాకెట్లు కుడుతుంది, పదేళ్ల తమ్ముడున్నాడు. ఇతడిని అప్పు చేసి మరీ రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్లో చేర్పించారు. ఇతడి అలవాటు ఏమిటంటే, ఏ పనినైనా సగంలో వదిలేయడం, అది చెడిపోగానే తప్పును పక్కవాడి మీదకు నెట్టేయడం. హాస్టల్ గదిలో ఇస్త్రీపెట్టె ఆపకుండా టిఫిన్‌కు వెళ్లిపోతాడు. పక్క మంచం కుర్రాడి చొక్కా కాలిపోతుంది. వార్డెన్ వచ్చి అడిగితే, "ప్లగ్గు లూజుగా ఉంది సార్, మొన్ననే చెప్పాం, ఎవరూ పట్టించుకోలేదు" అంటాడు. ఇంత చిన్న సంఘటన చాలు. దొంగతనాలూ మత్తుమందులూ కొట్లాటలూ పేర్చుకుంటూ పోతే పాత్ర పెద్దదవుతుందనుకోవడం పొరపాటు. ఏది ఎప్పుడు మారిందో లెక్క చూసుకోవడం రచయితకే కష్టమవుతుంది.

తరువాత, ఆ అలవాటు ఒకప్పుడు అతడికి ఎలా పనికివచ్చిందో రాసుకోండి. డ్యూటీ దిగి వచ్చిన తండ్రి పగిలిన వస్తువును చూసి "ఎవడ్రా?" అని అడిగినప్పుడు, ముందుగా నోరు విప్పినవాడు బతికిపోయేవాడు. "నేను కాదు నాన్నా, తమ్ముడే" అన్న మాట అప్పలరాజును చాలాసార్లు కాపాడింది. దెబ్బలు తమ్ముడు తిన్నాడు. ఇది పాఠకుడి జాలి కోసం చెప్పే సంగతి కాదు. అలవాటు ఒకప్పుడు కవచంగా ఉండేదని తెలిస్తేనే, దాన్ని విప్పేయడానికి అతడెందుకు అంత భయపడతాడో తెలుస్తుంది. ఆ దెబ్బలు తిన్న తమ్ముణ్ణి కూడా గుర్తుపెట్టుకోండి, చివరి అధ్యాయాల్లో అతడితో పని ఉంటుంది.

రెండో మెట్టు: స్థలాన్నీ కాలాన్నీ నమ్మదగినట్టుగా ఎంచుకోండి

విశాఖ నుంచి రాసేవారికి కొండలు దగ్గరలోనే ఉన్నాయన్న సౌకర్యం ఎంతో, ఇబ్బందీ అంతే. అనంతగిరి, అరకు కొండల్లో ఒకడు నెలల తరబడి మనిషి మొహం చూడకుండా తప్పిపోయాడంటే ఆ ప్రాంతం తెలిసినవారెవరూ నమ్మరు. అక్కడ గూడేలున్నాయి, కాఫీ తోటలున్నాయి, ఘాట్ రోడ్డు ఉంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకు తేవడం కోసం 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం బొడ్డవర దాటగానే కొండెక్కి, సొరంగాల మీదుగా బొర్రా గుహలు చేరి, శిమిలిగుడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకు పోతుంది. రైలు కూత వినిపించే చోట కుర్రాడికి దారి దొరకలేదని రాస్తే, తప్పు కుర్రాడిది కాదు, రచయితది. కాబట్టి మూడు ప్రశ్నలకు ముందే జవాబులు సిద్ధం చేసుకోవాలి: అతడి కోసం ఎవరూ ఎందుకు వెతకలేదు, అతడెందుకు నడిచి బయటపడలేకపోయాడు, అటువైపు ఎవరూ ఎందుకు రాలేదు.

మన చరిత్రలోనే ఈ మూడింటికీ ఒకే జవాబుంది. 2014 అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల వరకు వీచిన గాలికి చెట్లు కూలాయి, విమానాశ్రయం పైకప్పు దెబ్బతింది, నగరంలో రోజుల తరబడి కరెంటూ ఫోన్లూ లేవు, పెట్రోలు బంకుల దగ్గరా పాల దుకాణాల దగ్గరా బారులు తీరి నిలబడ్డారు. ఆ ఏడాది విజయదశమి అక్టోబరు 3న వచ్చింది. దసరా సెలవులకు ఇంటికి వచ్చిన అప్పలరాజును 10వ తేదీ శుక్రవారం నాడు తండ్రి హాస్టల్‌కు బస్సెక్కించాడు. కుర్రాడు నడుమ దిగి అరకు బస్సు పట్టుకున్నాడు. ఇంట్లోవాళ్లు హాస్టల్లో ఉన్నాడనుకుంటారు, హాస్టల్‌వాళ్లు ఇంకా ఇంటి నుంచి రాలేదనుకుంటారు, ఆదివారం నుంచి ఫోన్లు పనిచేయవు. కటికి జలపాతం వైపు వెళ్లినవాడు బాట వదిలి ఒక గెడ్డ (కొండవాగు) దాటుతాడు, రాళ్ల మీద కాలు జారి మడమ బెణుకుతుంది, రాత్రికి రాత్రి గెడ్డ పొంగుతుంది. తుఫాను నాడు రైళ్లు రద్దయ్యాయి గనుక, గంటల లెక్క తెలియడానికి ఆ కూత కూడా ఉండదు. ఇప్పుడు అయిదు రోజుల ఒంటరితనం ఎవరికైనా నమ్మశక్యంగా ఉంటుంది, నవలకు అయిదు రోజులు చాలు కూడా.

నిజమైన కాలాన్ని ఎంచుకున్నాక దానికి కట్టుబడి ఉండాలి. 2014 అక్టోబరు 8న పౌర్ణమి, చంద్రగ్రహణం, 23న దీపావళి. అంటే కథ జరిగే రాత్రుల్లో చంద్రుడు రోజురోజుకూ ఆలస్యంగా ఉదయిస్తూ తరిగిపోతుంటాడు, నిండు వెన్నెల వర్ణించడానికి వీల్లేదు. అప్పటికి ఆ ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లాలోనే ఉంది. అల్లూరి సీతారామరాజు జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది గనుక ఆ పేరు కథలో ఎక్కడా రాకూడదు. పండ్ల విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. అక్టోబరులో సీతాఫలాలు దొరుకుతాయి. ఇప్పపూలు, అడవి మామిళ్లు వేసవివి. కాఫీ కాయలు అప్పటికింకా పచ్చిగానే ఉంటాయి.

మూడో మెట్టు: శరీరం అడిగే వరుసలో పనులు పెట్టండి, ప్రతి పనినీ ఆ అలవాటుకు ముడివేయండి

అనుభవం లేని రచయితలు అడవిలో అడుగుపెట్టగానే ఆకలి గురించి రాస్తారు. శరీరం వరుస వేరు. తిండి లేకుండా మనిషి వారాల పాటు ఉండగలడు, నీళ్లు లేకుండా ఇంచుమించు మూడు రోజులు; తడిసిన బట్టలతో ఈదురుగాలిలో అయితే కొన్ని గంటల్లోనే ప్రాణం మీదకు వస్తుంది. ముందు వణుకు, తరువాత వేళ్లు మాట వినకపోవడం, ఆ తరువాత మాట తడబడటం, బుద్ధి మందగించడం. అగ్గిపుల్ల గీయవలసిన వేళకే వేళ్లు పనిచేయవన్నమాట. కాబట్టి గూడు ముందు, నిప్పు తరువాత, నీళ్లు ఎటూ గెడ్డలో ఉన్నాయి గాని బురదనీళ్లు తాగితే విరేచనాలు పట్టుకుంటాయి, తిండి అన్నిటికన్నా చివర.

ఇక ఈ పనులు అలవాటును ఎలా తాకుతాయో చూడండి. ఆ కొండల్లో అడ్డతీగ ఉంటుంది, విస్తళ్లు కుట్టే అడ్డాకు దానిదే. రాతి పంచన నాలుగు కర్రలు ఏటవాలుగా నిలబెట్టి అడ్డాకులు కప్పాలన్న ఆలోచన పదహారేళ్లవాడికి రాగలదు. ఆకుల కప్పు కిందివైపు నుంచి మొదలుకావాలి. పై వరుస కింది వరుస మీదకు వాలితేనే నీరు జారిపోతుంది. అప్పలరాజు పైనుంచి మొదలుపెడతాడు, సగానికి విసుగొచ్చి ఆపేస్తాడు. మొదటి రాత్రిని ఇలా రాయవచ్చు:

"ఆకులు జారిపోయాయి. గాలి అలా ఉంది మరి. తీగ కూడా పుచ్చిందే దొరికింది. మెడ మీద చుక్క పడింది, తుడుచుకునేలోపు ఇంకొకటి పడింది. నాన్న హాస్టల్‌కి పొమ్మనకపోతే ఇదంతా జరిగేదే కాదు. తమ్ముడు ఆ రోజు నోరు మూసుకుని ఉంటే నాన్న పొమ్మనేవాడే కాదు."

మూడో రాత్రికి వచ్చేసరికి:

"కప్పంతా ఊడదీశాడు. కింద కర్ర దగ్గర మొదటి ఆకు పెట్టి ఈనెను తీగతో చుట్టాడు. నాలుగో ఆకు దగ్గర ముడి వదులుగా వేశాడు. చూసుకుని, విప్పి, మళ్లీ వేశాడు. చీకటి పడేసరికి మూడు వరుసలే అయ్యాయి. మూడు వరుసల కింద పట్టేంత చోటులోకి ముడుచుకున్నాడు."

రెండో ముక్కలో పశ్చాత్తాపం లేదు, జ్ఞానోదయం లేదు. వదులు ముడి ఒకటి విప్పి మళ్లీ వేశాడు, అంతే. జీవితంలో మొదటిసారిగా సగంలో వదిలేసిన తన పనిని తానే దిద్దుకున్నాడన్నది పాఠకుడు గమనిస్తాడు. అతడు మాత్రం గమనించకపోవడమే మేలు.

నిప్పుకూ ఇదే పద్ధతి. చెమ్మగిల్లిన అగ్గిపెట్టెలో కొన్నే పుల్లలున్నాయి. పుల్లలు ఏరుకోకుండానే గీసేస్తాడు, మంట అందుకున్నాక కట్టెల కోసం పరుగెత్తుతాడు, తిరిగి వచ్చేసరికి బూడిద. వానల్లో నేలమీది కట్టె అంటుకోదు. చెట్టుకే ఎండి వేలాడుతున్న సన్నపు రెమ్మలు, ఎండు వెదురు చీల్చితే దొరికే లోపలి పేళ్లు పనికివస్తాయి. అవన్నీ సన్నం, మధ్యస్థం, లావు అని మూడు కుప్పలుగా పోసుకున్నాకనే చివరి పుల్ల గీసే రోజు రావాలి. గుక్కెడు పొగ మింగుతూ కుప్పలు సర్దుకునే ఆ రెండు పేజీలను తొందరపడి దాటవేయకండి. నవలలో ఉత్కంఠ అంతా అక్కడే ఉంది.

తిండి దగ్గర ఓటమిని మిగల్చండి. నేల తవ్వి అడవి దుంప ఒకటి సంపాదిస్తాడు, పచ్చిదే కొరుకుతాడు, నోరూ గొంతూ దురదపెట్టి వాంతి చేసుకుంటాడు. ఆ దుంపల్లో చేదు జాతులను గిరిజనులు చక్రాలుగా కోసి, పారే నీటిలో నానబెట్టి, ఆ తరువాతే ఉడికించి తింటారు. ఆ సంగతి అతడికి అడవిలో తెలియకూడదు. తరువాత గూడెంలో ఒక బుట్ట గెడ్డలో నానుతూ కనిపించినప్పుడు తెలియాలి.

నాలుగో మెట్టు: వెనకడుగులు వేయించండి

మార్పు ఎక్కుతున్న మెట్ల వరుసలా కనిపిస్తే నమ్మకం పోతుంది. మూడో రాత్రి ముడి సరిగా వేసినవాడు నాలుగో రోజు నిప్పును వదిలేసి నిద్రపోతాడు, లేచి గెడ్డను బూతులు తిడతాడు. వెనకడుగు ఎప్పుడూ అలసట వల్ల గాని భయం వల్ల గాని రావాలి, రచయితకు మలుపు కావలసి వచ్చింది కాబట్టి రాకూడదు. ఇంతకు మించి ఈ విషయంలో సూత్రాలు అవసరం లేదు.

అయిదో మెట్టు: అడవిలో ఉన్న మనుషులను మనుషులుగా రాయండి

ఈ రకం నవలల్లో నాకు బొత్తిగా నచ్చనిది, పట్నం కుర్రాడికి జీవితసత్యం బోధించడానికే పుట్టినట్టుండే గిరిజన వృద్ధుడి పాత్ర. అతడికి ఇల్లుండదు, అప్పుండదు, పంట ఉండదు. సామెతలు మాత్రం ఉంటాయి. హుద్‌హుద్ ఏజెన్సీలోనూ బీభత్సం చేసింది. కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకించిన మిరియాల తీగలతో సహా, కాఫీ మొక్కల మీద కూలిపడ్డాయి. ఏళ్ల తరబడి పెంచుకున్న తోట ఒక్క పగటిలో పోయినవారి గూడేనికి అప్పలరాజు అయిదో రోజు, గెడ్డ తగ్గాక, కుంటుకుంటూ చేరతాడు. అక్కడ ఎవరికీ అతణ్ణి ఉద్ధరించే తీరిక లేదు. చోడి (రాగి) అంబలి పోస్తారు, కాలికి ఏదో కట్టు కడతారు, ఇంటి కప్పు ఎగిరిపోయింది గనుక పని చెబుతారు.

ఏ తెగవారి గూడెమో, ఇంట్లో ఏ భాష మాట్లాడతారో ముందే నిర్ణయించుకోండి. కోందులు, కొండదొరలు, భగతలు, వాల్మీకులు, పోర్జలు, గదబలు అందరూ ఒకటి కారు. కోందుల ఇళ్లలో కువి వినిపిస్తుంది, అరకు వైపు ఆదివాసీ ఒడియా పలువురికి ఉమ్మడి భాష. వారపు సంతకు వెళ్లి తెలుగు అలవాటైన పెద్దావిడ ఒకరు అతడితో మాట్లాడితే చాలు. అప్పలరాజు ఆమెను మామ్మా అంటాడు. కప్పు మీదకెక్కి గడ్డి పరుస్తూ, ఎండ ఎక్కేసరికి దిగి చెట్టు కింద కూర్చున్నవాణ్ణి ఆమె అడుగుతుంది: "ఏటి బాబూ, సగంలో ఒగ్గీసినావు? రేతిరికి వానొస్తే లోపల ఎవలు తడుస్తారు?"

నవలకు ఇరుసు ఈ ప్రశ్నే. అడవిలో సగం పనికి తానే తడిశాడు. ఇక్కడ తన సగం పనికి ఇతరులు తడుస్తారు. తన దెబ్బ తాను తిని నేర్చుకున్నది స్వార్థంతో కూడిన జాగ్రత్త మాత్రమే. ఇంకొకరు తడుస్తారన్నది మనసుకెక్కినప్పుడే అది నడవడి అవుతుంది. ఆమె ప్రశ్నకు జవాబివ్వకుండా, కొంచెం కోపంగానే, మళ్లీ నిచ్చెన ఎక్కనివ్వండి. కోపం ఉండాలి. వెంటనే కళ్లు చెమర్చితే అది అప్పలరాజు కాదు.

ఆరో మెట్టు: మార్పును క్రియల్లో చూపించండి

రాతప్రతి పూర్తయ్యాక "అతడికి అర్థమైంది", "ఏదో తెలియని మార్పు", "తానిక పాత అప్పలరాజు కాడు" వంటి వాక్యాలన్నీ కొట్టివేయండి. వాటి పనిని క్రియలే చేయగలవు. పగిలింది, పగలగొట్టాను; ఆరిపోయింది, ఆర్పేశాను; కాలింది, కాల్చాను. ఈ జంటల్లో మొదటి రకం క్రియలు తప్పించుకునేవాడికి గొప్ప ఆశ్రయం, ఎందుకంటే వాటిలో చేసినవాడు కనిపించడు. పైన మొదటి రాత్రి ముక్కను మళ్లీ చూడండి: ఆకులు జారాయి, తీగ దొరికింది, చుక్క పడింది. మూడో రాత్రిలో ఊడదీశాడు, చుట్టాడు, విప్పాడు, వేశాడు. నవల మొదటి మూడో వంతులో కుర్రాడి ఆలోచనల్లోనూ మాటల్లోనూ మొదటి రకాన్నే వాడి, మెల్లమెల్లగా రెండోదాన్ని పెంచుకుంటూ పోతే, ఎక్కడ మారాడో వేలుపెట్టి చూపించలేకపోయినా మారాడని పాఠకుడికి తెలుస్తుంది. ఉత్తమ పురుషలో రాసేవారికి ఇది మరింత అవసరం, తానే చెప్పుకునేవాడి మాట మీద పాఠకుడికి సహజంగానే అనుమానం ఉంటుంది కదా.

ఏడో మెట్టు: తిరిగి రావడానికి తగినంత చోటివ్వండి

చాలామంది కుర్రాణ్ణి ఇంటి గుమ్మం దగ్గర తల్లి కౌగిలిలో పెట్టి నవల ముగిస్తారు. అసలు పరీక్ష ఆ గుమ్మం దాటాక మొదలవుతుంది గనుక, నవలలో కనీసం అయిదో వంతు దానికి కేటాయించండి. అప్పలరాజు దిగేసరికి నగరం వేరేగా ఉంది. కైలాసగిరి, సింహాచలం కొండలు పచ్చదనమంతా పోయి గోధుమరంగులోకి తిరిగాయి, వీధుల్లో కొమ్మలు కోసే రంపాల చప్పుడు. తాను చావు తప్పి వచ్చానని చెప్పుకోబోతే, వినేవాళ్లకు కూడా చెప్పుకోవలసినవి ఉన్నాయి. తన కష్టం ఎందరో పడ్డవాటిలో ఒకటన్నది అతడికి మింగుడుపడకపోవడం మంచి సన్నివేశం, దాన్ని హాస్యంగా కూడా రాయవచ్చు.

అక్కడి నుంచి రెండు చిన్న లెక్కలు తీర్చాలి. హాస్టల్లో చొక్కా కాలిన కుర్రాడి దగ్గరకు వెళ్లి, ఇస్త్రీపెట్టె వదిలేసింది తానేనని చెప్పాలి. ఆ కుర్రాడు క్షమించనక్కరలేదు, "ఆ సంగతి అప్పుడే తెలుసు, డబ్బులెప్పుడిస్తావు?" అనవచ్చు. ఒప్పుకోలుకు ఖర్చు ఉన్నప్పుడే దానికి విలువ. రెండోది తమ్ముడి లెక్క, ఇది కష్టమైనది. ఇంట్లో ఏదో కిందపడి పగులుతుంది, పక్కగదిలోంచి తండ్రి "ఎవడ్రా?" అంటాడు, తమ్ముడు తండ్రి వైపు కాకుండా అన్న వైపు భయంగా చూస్తాడు. అన్న నోరు తెరిచేలోపే రెండు చేతులూ తల మీద పెట్టుకుంటాడు. అప్పలరాజు "నేనే నాన్నా" అన్నా ఆ చేతులు వెంటనే కిందికి దిగకూడదు. పదేళ్లవాడి భయం పది రోజుల్లో పోదు. తండ్రి కూడా మారిపోయాడని రాయవలసిన అవసరం లేదు. ఆ దెబ్బ ఈసారి ఎవరు తిన్నారో రాయండి, అదే సాయంత్రం అన్నదమ్ములిద్దరూ నీళ్ల ట్యాంకరు దగ్గర బిందెలతో వరుసలో నిలబడటం రాయండి, వాళ్ల మధ్య రాజీ కుదిరినట్టు మాత్రం రాయకండి.

ఎనిమిదో మెట్టు: తెలిసినవారి చేత చదివించండి

కథను మెచ్చుకునే స్నేహితుడి కంటే ముందు, అరకు, అనంతగిరి ప్రాంతంలో పుట్టి పెరిగినవారొకరికి రాతప్రతి ఇవ్వండి. చెట్ల పేర్లు, దుంపలను శుద్ధి చేసే పద్ధతి, గూడెం మనిషి తెలుగు పలికే తీరు, కప్పు నేసే గడ్డి, ఇవి ఆయన చేత దిద్దించుకోండి. తుఫాను నాటి సంగతుల కోసం 2014 అక్టోబరు పత్రికల విశాఖ సంచికలను తేదీల వారీగా తిరగేసి, ఏ రోడ్డు ఎప్పుడు తెరిచారో, రైళ్లు ఎప్పుడు మొదలయ్యాయో రాసుకుని, కుర్రాడు ఇంటికి చేరే తేదీని దానికి అనుగుణంగా సరిచేసుకోండి. ఆ తేదీ దీపావళి తరువాతకు జరిగితే చివరి అధ్యాయాలను మళ్లీ రాయవలసి వస్తుంది, అందుకని ఈ పరిశీలనను ఏడో మెట్టు రాయకముందే చేసుకోవడం తెలివైన పని.